తుపాకి వాళ్ళది, గాలి మాది

మొన్న తిరుపతిలో డాక్టరు దగ్గరికి వెళ్తే, నర్సమ్మ నా జబ్బకు పట్టీ చుట్టి రబ్బరు బుడ్డిని పిసకడం మొదలుపెట్టింది. ఈ మధ్య అన్నిచోట్లా బ్యాటరీతో నడిచే మిషన్లే వచ్చాయి. ఈమె దగ్గర ఇంకా పాదరసం ఉన్న పాతదే ఉంది. పిసికేకొద్దీ పట్టీ బిగుసుకుంటోంది. నాకు తెలియకుండానే లోపల లెక్కపెడుతున్నాను. ఎనిమిది దగ్గర "చాలు" అన్నాను. ఆమె చేయి ఆపి, "నొప్పిగా ఉందామ్మా?" అని అడిగింది. లేదన్నాను. ఎనిమిది దాటి గాలి కొట్టకూడదని నేను చిన్నప్పుడు నేర్చుకున్న సంగతి ఆమెకు ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో తెలియలేదు.

మాది పుత్తూరుకూ కార్వేటినగరానికీ నడుమ ఒక పల్లె. ఎటు చూసినా మామిడి తోటలు. మా ముత్తాత కార్వేటినగరం కోటలో తోటపని చేసేవాడు. కోట వైభవం ముగిసిపోయే రోజుల్లో అక్కడి కుర్రదొర ఒకడు ఆడి ఆడి విసుగొచ్చి, ఒక గాలి తుపాకిని మా ముత్తాత చేతిలో పెట్టి వెళ్ళిపోయాడని ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. నిజమో కాదో తెలియదు. తుపాకి మాత్రం నిజం.

జాతరలో బుడగలు కొట్టే తుపాకులు అందరూ చూసి ఉంటారు. వాటి గొట్టాన్ని మధ్యకు మడిచి మూస్తారు. లోపల బలమైన స్ప్రింగు ఉంటుంది. మాది ఆ జాతి కాదు. గుండు పోయే గొట్టం కింద ఇంకో లావుపాటి ఇత్తడి గొట్టం, దానికి ఒక కర్ర పిడి. పిడిని కిందికి లాగి మళ్ళీ పైకి నొక్కితే ఒక గాలి. ఇంకోసారి నొక్కితే రెండో గాలి. మొదటిది పిల్లలు కూడా కొట్టగలరు. నాలుగోదానికి పళ్ళు బిగించాలి. ఎనిమిదోదానికి తుపాకిని తొడమీద పెట్టుకుని ఒళ్ళంతా దాని మీదికి వాల్చాలి. ఎన్ని గాలులు కొడితే గుండు అంత దూరం. తర్వాతెప్పుడో శాఖా గ్రంథాలయంలో ఒక సైన్సు పుస్తకం చదువుతుంటే, గాలిని సగం చోటులోకి నొక్కితే దాని ఒత్తిడి రెట్టింపవుతుందని ఉంది. నాకు అది కొత్త విషయంలా అనిపించలేదు. మా తాత మెడ నరాల మీద చూసిందే.

తుపాకి పని చిలకలను తోలడం. బేనీషా మామిడికాయ పసుపు తిరిగే రోజుల్లో చిలకలు గుంపులుగా దిగుతాయి. తినేది పావు, పాడుచేసేది ముప్పావు. ముక్కు గాటు పడిన కాయను మండీలో పక్కకు విసిరేస్తారు. ఒడిసెలతో రాళ్ళు విసిరితే కాయలకే దెబ్బ. తుపాకితో పిట్టలను కొట్టడానికి మా అవ్వ ఒప్పుకోలేదు. నోరులేని వాటి ఉసురు పోసుకుంటే ఆ ఇంట్లో సంగటి కెలకనని చెప్పేసింది. అందుకని కిరసనాయిలు డబ్బాలను కోసి రేకులు చేసి, ఒక్కో చెట్టుకూ ఒక్కోటి వేలాడదీశారు. గుండు వెళ్ళి రేకును తాకితే టంగున మోగుతుంది. చెట్టు మొత్తం పచ్చగా లేచి ఎగిరిపోతుంది. మా ఊళ్ళో అందరికీ తుపాకి అంటే ఆ మోతే.

మా తాత, ఆయన అన్న అయిన పెద్దతాత భాగాలు పంచుకున్నది నేను పుట్టకముందు. భూమి, చెట్లు, ఎద్దులు, ఇత్తడి అండాలు, అన్నీ పంచారు. చివరికి తుపాకి మిగిలింది. ఇద్దరూ నాకంటే నాకన్నారు. పంచాయితీకి కూర్చున్న పెద్దమనుషులకు ఆకలవుతోంది. పుత్తూరులో స్టవ్వులు, తాళాలు బాగుచేసే సాయిబు ఒకాయన ఆ రోజు తుపాకికి తోలు వాషరు వేయడానికి వచ్చి అరుగు మీద కూర్చుని ఉన్నాడట. ఆయనకే ముందు విసుగొచ్చింది.

"దీంట్లో ఏముండాదప్పా కొట్లాడేదానికి. ఉత్త ఇనప గొట్టం. గాలి లేకపోతే దీంతో పప్పు ఎనుపుకోవాల. సగం తుపాకి, సగం గాలి, అంతే గదా."

పెద్దమనుషులు ఆ మాటను పట్టుకున్నారు. తుపాకి పెద్దవాడికి, గాలి చిన్నవాడికి అని తేల్చి, కాగితం మీద రాయించి, భోజనాలకు లేచారు. తాను ఎగతాళికి అన్నానని సాయిబు చెప్పబోతే వినే ఓపిక ఎవరికీ లేకపోయింది.

ఆ తీర్పు ప్రకారం తుపాకి పెద్దతాత ఇంట్లో ఉంటుంది. గురి చూసేది, మీట నొక్కేది ఆయనే. గాలి మాత్రం మా తాతే కొట్టాలి. వాషరుకు రోజూ ఆముదం పెట్టడం, అరిగితే మార్పించడం కూడా గాలి కిందికే వస్తాయని మా తాత తనంతట తనే తీర్మానించుకున్నాడు. ఆయన మొలలో ఎప్పుడూ చిన్న ఆముదం సీసా ఉండేది. ఆయన పంచెకు, దిండుకు, చివరికి ఆయన ఎత్తుకున్న పిల్లలకు కూడా ఆ వాసనే. పచ్చి మామిడి సొన వాసన, ఆముదం వాసన కలిసి వస్తే నాకు ఇప్పటికీ ఎండాకాలం సెలవులు మొదలైనట్టుంటుంది.

అన్నదమ్ములు ఆ భాగాల రోజునే బావి నీళ్ళ వంతు దగ్గర ఏదో మాట జారి, మాట్లాడుకోవడం మానేశారు. అయినా చిలకలు ఆగవు కదా. రెండు తోటల గట్టు మీద ఒక నీలం మామిడి చెట్టు, దాని కింద ఒక నులక మంచం. తెల్లవారి అంబలి తాగి ఇద్దరూ అక్కడికి వచ్చేవాళ్ళు. పెద్దతాత తలాపున, మా తాత కాళ్ళ దిక్కున. నడుమ తుపాకి. పెద్దతాత ఏ చెట్టు వైపు చూస్తే, ఆ చెట్టు దూరాన్ని బట్టి మా తాత నాలుగో ఆరో ఎనిమిదో గాలులు కొట్టి తుపాకిని మళ్ళీ నడుమ పెట్టేవాడు. పెద్దతాత తీసుకుని కొట్టేవాడు. టంగ్. ఎండ ముదిరేదాకా ఇదే. ఒక్క మాట ఉండేది కాదు.

మాట లేకపోయినా తగవులు ఉండేవి. ఒకసారి మా ఎద్దు వాళ్ళ వేరుశనగ కట్టె తినిందని పెద్దతాత దాన్ని కట్టేసి, సాయంత్రం దాకా వదల్లేదు. మరుసటి ఉదయం మా తాత ఎనిమిది దగ్గర ఆగలేదు. తొమ్మిది. పది. పదకొండు. పన్నెండోదానికి ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. పెద్దతాత తీసుకుని మీట నొక్కితే టిక్కుమని ఊరుకుంది. మళ్ళీ నొక్కితే మళ్ళీ టిక్కు. తుపాకి పేలలేదు. ఆ పూటంతా ఇద్దరూ పేలని తుపాకికి చెరోవైపు కూర్చున్నారు, చిలకలు ఎదురుగా తింటూ ఉంటే. లోపలి గాలి మితిమీరితే అది మూతను గట్టిగా అదిమి పడుతుందని, సుత్తి దెబ్బకు ఆ మూత తెరుచుకోదని నేను చాలా ఏళ్ళ తర్వాత గ్రంథాలయంలో చదివి తెలుసుకున్నాను. మా తాతకు ఆ పుస్తకం అవసరం లేకపోయింది.

మా అవ్వ, పెద్దవ్వ మాత్రం బాగా మాట్లాడుకునేవాళ్ళు. చింతపండు కొడుతూ, ఊరిబిండి రుబ్బుతూ మొగుళ్ళ మీద చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు.

"మీ ఆయప్ప నిన్న ఎన్ని కొట్టినాడుమే?"

"పన్నెండంట. రాత్రంతా జబ్బ పట్టుకుని మూలగతా ఉండాడు. నేను ఆముదం రుద్దినా. వాషరు మాదిరే అయిపోయినాడు."

పిల్లలకు తుపాకి ఇచ్చేవాళ్ళు కాదు. మధ్యాహ్నం పెద్దవాళ్ళు నిద్రపోతుంటే నేనూ, పెద్దతాత మనవడూ దాన్ని దించేవాళ్ళం. సీసం గుండ్లు లెక్క ఉండేవి కాబట్టి ముట్టుకునే వీలు లేదు. కంది గింజలు సరిగ్గా పట్టేవి. రెండు గాలులు కొట్టి పేలిస్తే గింజ పిండిగా రాలేది. నానబెట్టిన గింజ అయితే గొట్టంలోనే ఇరుక్కునేది. ఒకసారి అలా ఇరుక్కుంటే ఈత ముల్లుతో తీశాం. గాలి కొట్టింది నేనే. మాది గాలి వాటా కదా అని వాడే పట్టుబట్టి నా చేత కొట్టించాడు. ఆ వయసులో మాకు అది న్యాయంగానే కనిపించింది.

నేను ఆరో తరగతి అయిన వేసవిలో పెద్దతాత కొడుకు, అంటే మా పెదనాయన, తిరుపతి నుంచి వచ్చాడు. అక్కడ ఒక లాడ్జిలో మేనేజరు. దుప్పటిలో చుట్టి ఒక కొత్త తుపాకి తెచ్చాడు. మడిచే రకం. మంచం మీద పరిచి వాళ్ళ నాయనకు చూపించాడు. ఆయన చెడ్డవాడు కాదు. తండ్రి ముసలితనంలో మాట లేని మనిషి దయ మీద ఆధారపడి ఉన్నాడని ఆయనకు బాధ.

"ఇది సూడు నాయనా. ఒకసారి మడిస్తే సాలు, గాలి అదే పడతాది. ఇంక ఎవురి కోసమూ కాసుకోని కూసునే పన్లేదు."

మా తాత అప్పుడు మంచం కాళ్ళ దిక్కునే ఉన్నాడు. కాసేపు కొత్త తుపాకిని చూశాడు. తర్వాత లేచి, మొలలో సీసా సర్దుకుని, మా తోటలోకి నడిచి వచ్చేశాడు.

ఇంట్లో మా నాయన రెచ్చిపోయాడు. మనల్ని కావాలనే అవమానించారన్నాడు. తాత అన్నాడు, "మంచిదే గదరా. నా జబ్బ గూడా నొప్పి." మరుసటి రోజు అంబలి తాగి, అలవాటు కొద్దీ గడప దాటి, కల్లం దగ్గర ఆగి, తిరిగి వచ్చి కూర్చున్నాడు. ఆ మరుసటి రోజూ అంతే. మూడో రోజు చెప్పుల దగ్గరికి కూడా వెళ్ళలేదు.

ఆ సాయంత్రం అవ్వ పొయ్యి ముందు కూర్చుని నాతో అంది. "మీ తాతకి తుపాకీ కాదుమే, గాలీ కాదు. దినానికి రెండు గంటలు అన్న పక్కన కూసునేదానికి ఆయనకి ఉండింది అదొక్కటే సాకు. గాలి పోతే ఆ మంచం గూడా పోయినట్టే."

అవతల కూడా పరిస్థితి బాగాలేదు. కొత్త తుపాకి స్ప్రింగు గట్టిది. పెదనాయన ఉన్న రెండు రోజులూ ఆయనే మడిచి ఇచ్చాడు. ఆయన తిరుపతి బస్సు ఎక్కాక పెద్దతాత ఒంటరిగా మడవబోతే, సగంలో చేయి జారి గొట్టం ఎదురు తన్నింది. బొటనవేలు చితికింది. పసుపు, సున్నం పెట్టి గుడ్డ కట్టుకుని ఆయన మంచం మీద కూర్చునే ఉన్నాడు. రేకు మోగలేదు. చిలకలకు సంగతి అర్థమైపోయింది. వాళ్ళ చెట్లూ మా చెట్లూ అని అవి చూడవు. నాలుగు రోజుల్లో కింద రాలిన గాటు కాయలు గంపలకెత్తారు. పాత తుపాకి వాళ్ళ ఇంట్లో గూటానికి వేలాడుతూనే ఉంది. దాన్ని దించి చేతిలో పట్టుకుని తమ్ముడి దగ్గరికి రావడం పెద్దతాత వల్ల కాదు. పిలవకుండా వెళ్ళడం మా తాత వల్ల కాదు.

"పో, పొయ్యి కొట్టి రాపో," అంది అవ్వ. "పంట పోతా ఉండాది. గాలికి గూడా రోసమా?"

"పిలిస్తే పోతా."

"ఆయప్ప యాడ పిలుస్తాడు. నీ అన్నే గదా."

మా నాయన ఊళ్ళో లేని రోజు చూసి, తాత పెట్టె తెరిచి భాగాల కాగితం తీశాడు. దాన్ని పారీఖత్తు అంటారని నేను పుస్తకాల్లో తర్వాత చదివాను. మాకు అది భాగాల కాగితమే. తాతకు చదువు రాదు. వేలిముద్రే. నాయన చేత చదివిస్తే తగవు కోర్టుదాకా పోతుందని ఆయన భయం.

"మే పాపా, నువ్వు సదవతావు గదా. నాతో రా."

"ఏం చదవాల తాతా?"

"గాలి నాదని రాసినారు. ఏ తుపాకికైనా గాలి గాలే గదా. కొత్తదాని గాలి గూడా నాకే రావాల. ఆ మాట సదివి వినిపించు, సాలు."

ఇద్దరం గట్టు మీదికి వెళ్ళాం. పెద్దతాత మంచం తలాపున ఉన్నాడు. పక్కన కొత్త తుపాకి, గుడ్డ కట్టిన బొటనవేలు. మమ్మల్ని చూసి కదల్లేదు. మా తాత కాళ్ళ దిక్కున కూర్చున్నాడు. నేను నిలబడి కాగితం విప్పాను. మడతల దగ్గర చిరిగి, అక్షరాలు గొలుసుకట్టులో ఉన్నాయి. పెద్దతాతకు కొంచెం చదువు వచ్చు గానీ కళ్ళకు పొరలు కమ్మాయి. ఆ చోట అక్షరం తెలిసి, కళ్ళు కనిపించే మనిషిని నేనొక్కదాన్నే.

ఎద్దులబండి, నాగళ్ళు, ఇత్తడి అండా దాటి తుపాకి దగ్గరికి వచ్చాను. "గాలి తుపాకి పెద్దవానికిన్ని, గాలి కొట్టు హక్కు చిన్నవానికిన్ని" అని చదివాను. తర్వాతి వరుస కంటికి ముందే అందింది. "ఈ హక్కు, కోట నుండి వచ్చినట్టిన్ని, ఇత్తడి గొట్టమున్ను కర్ర పిడియున్ను గలిగినట్టి తుపాకికి మాత్రమే చెల్లును. వేరొక తుపాకికి చెల్లదు."

నేను ఆగలేదు. ఆగితే తెలిసిపోతుందని అంత చిన్న వయసులో ఎలా తట్టిందో చెప్పలేను. ఆ వరుస దూకి, కింద ఉన్న దూలాల లెక్కలోకి వెళ్ళిపోయాను. గొంతు మారలేదనే అనుకుంటాను.

పెద్దతాత చెట్టు కొమ్మల్లోకి చూస్తూ విన్నాడు. చదవడం అయ్యాక నాతో అన్నాడు.

"ఇంకో తూరి సదువు పాపా. మెల్లిగా."

మళ్ళీ మొదలుపెట్టాను. ఎద్దులబండి, నాగళ్ళు, అండా. తుపాకి. మళ్ళీ అక్కడే దూకాను. కాగితం అంచు చెమటకు మెత్తబడింది. మా తాత నా వైపు కాదు, నేల వైపు చూస్తున్నాడు. ఆయనకు ఏమీ తెలియదు. ఆయన తన న్యాయం వింటున్నాడు, అంతే.

"అయితే ఏ తుపాకి అని యాడా లేదు," అన్నాడు పెద్దతాత. "బాగా సదివింది పిల్ల. మీ తాతతో సెప్పు. దీని గాలి గూడా ఆయనదే."

మంచి చేత్తో కొత్త తుపాకిని మంచం నడిమికి నెట్టాడు. మా తాత దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. మోకాలి మీద పెట్టి ఒక్క ఊపున మడిచి మూశాడు. ఏళ్ళ తరబడి పిడి నొక్కిన చెయ్యి అది. తర్వాత ఇంకోసారి మడవడానికి సిద్ధమై, నా ద్వారా అడగాల్సింది మరిచిపోయి, నేరుగా అన్ననే అడిగాడు.

"ఎన్ని?"

"ఒకటే."

"ఒకటేనా?"

"ఒకటే రా. స్ప్రింగు."

మధ్యలో నేను లేను. మా తాత మొహంలో సంతోషం కంటే నిరాశ ఎక్కువగా కనిపించింది. ఒక్క ఊపుతో అయిపోయే పని ఆయనకు పనిలా అనిపించలేదు. ఆ పూట రేకులు మోగాయి. నాలుగు రోజుల తర్వాత పెద్దతాత పాత తుపాకిని గూటం నుంచి తానే దించి తెచ్చాడు. కొత్తదాని గురి బాగాలేదన్నాడు. గురి బాగానే ఉండేది. ఎనిమిది గాలులు కొట్టేసరికి కాసేపు పడుతుంది, ఆ కాసేపు మాట్లాడుకోవచ్చు. వాళ్ళు మాట్లాడుకున్నది కూడా గొప్ప విషయాలేమీ కాదు. వర్షం, వాషరు, ఎవరి మోకాలు ఎక్కువ నొప్పి అన్నది. కొత్త తుపాకి పెదనాయన వచ్చిన రోజుల్లో మాత్రం మంచం మీదికి వచ్చేది, ఆయన నొచ్చుకోకుండా.

ఇద్దరూ ఎక్కువ ఎడం లేకుండా పోయారు. తోటలు చేతులు మారాయి. ఇప్పుడు అక్కడ చిలకలను తోలడానికి మైకు పెట్టారని విన్నాను. నేను తొమ్మిదో తరగతితో బడి మానేసినా గ్రంథాలయం మానలేదు. చేతికి దొరికిన పుస్తకం వరుస తప్పకుండా చదివాను. చదువుతూ వదిలేసిన వరుస నా లెక్కలో ఆ ఒక్కటే. దాని గురించి చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. తప్పు చేశానని కాదు, పెద్దతాతను మోసం చేశానే అన్న ఇబ్బంది.

ఆయన పోయిన కొన్నేళ్ళకు పెద్దవ్వను చూడడానికి వెళ్ళాను. చేటలో చింతగింజలు ఏరుతోంది. మాటల్లో ఆ కాగితం సంగతి వచ్చింది. నేను చేసింది చెప్పాను. ఆమె తల ఎత్తలేదు.

"ఆ వరస రాయించిందే మీ పెద్దతాత గదమ్మే. తమ్ముడు రేపు ఇంకేదన్నా తుపాకి మీద గూడా హక్కంటాడేమోనని, గొట్టం ఇట్లాంటిది, పిడి అట్లాంటిదని దగ్గర కూసోని అన్నీ రాయించినాడు. ఆయప్ప మరస్తాడా?"

నేనూ చేటలో చెయ్యి పెట్టి గింజలు ఏరడం మొదలుపెట్టాను.

"ఆ దినం ఇంటికొచ్చి సెప్పినాడు," అంది పెద్దవ్వ. "రెండు తూర్లు సదివించినా, పిల్ల రెండు తూర్లూ ఒకే తావున దూకింది అని."

"నవ్వినాడా?"

"నవ్వలా. సంగటి ఇంకొంచెం పెట్టమన్నాడు."